కొండ వార నీళ్ల తొట్టి

మా నాయనకు తనకల్లులో మోటార్ వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లు మా వాకిట్లో ఎప్పుడూ పడి ఉండేవి. బడి నుంచి వచ్చాక మాడిపోయిన రాగి తీగ ఊడదీయడం, కొత్త తీగ చుట్టడం నా పని. ఆడపిల్లకు ఈ పనేమిటని ఎవరైనా అడిగితే, "దానికి చెయ్యి తిరిగినాది. నీకేమప్పా నొప్పి?" అనేవాడు నాయన. నల్లమాడ దగ్గరి ఒక పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంటికి నన్ను ఇచ్చినప్పుడు నా పెట్టెలో చీరల కింద ఒక మల్టీమీటరు, కొన్ని స్క్రూడ్రైవర్లు, ఒక కటింగ్ ప్లేయరు కూడా ఉన్నాయి. వాటిని చూసి మా మామ, "ఇవేమి, గొర్రెలకు పండ్లు పీకేకా?" అన్నాడు. నవ్వులాటకు అన్నాడో కోపంతో అన్నాడో నాకు తెలియలేదు. ఆయన ముఖం రెండింటికీ ఒకేలా ఉంటుందని తర్వాత తెలిసింది.

ఆ ఇంట్లో మేం ముగ్గురమే. మా అత్త నా పెళ్లికి ముందే చనిపోయింది. మామ, మా ఆయన, నేను, మా గొర్రెల మంద. పెళ్లయిన మొదటి ఏడాది శివరాత్రి దాటగానే మా ఆయన కంబళి, గొడ్డలి, సంగటి గిన్నె మూట కట్టుకుని, పక్క ఊళ్ల మందలతో కలిసి కాలువలు పారే ఊళ్ల వైపు వెళ్లిపోయాడు. వానలు పడ్డాకే తిరిగి రాక. మాకు ఎండాకాలంలో మేతకు అంతగా కరువు లేదు. చెనిక్కట్టె, అంటే ఎండిన వేరుశనగ మొక్కల వామి ఉంటుంది, తుమ్మకాయలు రాలతాయి. లేనిది నీళ్లు. చెరువు ఎండిపోతే మందకు తాపడానికి గుక్కెడు నీళ్లుండవు. ఊరి కొళాయి నీళ్లు మనుషులకే చాలవు. మందను బతికించుకోవాలంటే నీళ్లున్న చోటికి తోలుకుపోవాల్సిందే.

ఫోన్ చేస్తే గొర్రెల అరుపుల మధ్య ఆయన మాట సగమే వినబడేది. "తిన్నావా?" అంటే "ఆ", "ఎప్పుడొస్తావు?" అంటే "వానొచ్చినాక". అంతే. వచ్చేసరికి ఎండకు నల్లబడి, గడ్డం పెరిగి, కొత్తమనిషిలా ఉండేవాడు. మళ్లీ ఒకరి మాటకు ఒకరం అలవాటు పడేసరికి ఇంకో శివరాత్రి. అలా కొన్నేళ్లు గడిచాయి. నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. గొర్రెలున్న ప్రతి ఇంట్లోనూ అదే కథ కదా.

కొండ వార మాకు కొంచెం బీడు ఉంది. అందులో ఎప్పుడో మామ వేయించిన బోరు ఒకటి ఉండేది. కేసింగ్ పైపు మీద ఒక బండ మూసి పెట్టారు. ఒకరోజు కట్టెలకు వెళ్లినప్పుడు బండ పక్కకు జరిపి చిన్న రాయి వేశాను. కాసేపటికి లోపల నీటి చప్పుడు వినిపించింది. ఇంటికొచ్చి మామను అడిగాను.

"నీళ్లు ఉండాయి. ఎవరు లేవన్నారు?" అన్నాడాయన. "బాడిగ జనరేటరు తెచ్చి మోటారు వేస్తే బీడీ తాగినంత సేపు పోస్తాది. ఆనెక గాలి కక్కుతాది. ఒక మడి కూడా తడవదు. ఆ బోరు సచ్చినట్లే లెక్క."

ఆ మాట నా తలలో తిరుగుతూనే ఉంది. మామ చెప్పింది నిజమే. బోరులో ఊట తక్కువ. పెద్ద మోటారు పెడితే ఉన్న నీళ్లన్నీ ఒక్కసారే లాగేస్తుంది, మళ్లీ ఊరేదాకా ఉత్త గాలే. కానీ నీళ్లు ఊరేంత నిదానంగా తోడే చిన్న మోటారు పెడితే? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సన్నగా, ఆగకుండా ట్యాంకులో పోస్తూ ఉంటే? పైరుకు చాలవు, సరే. గొర్రెలు వరిమడి అంత నీళ్లు తాగవు కదా.

ఆ కొండ దాకా కరెంటు లైను లేదు. కాబట్టి సోలార్ కావాలి. నాయన తర్వాత షాపు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. వాడికి ఫోన్ చేస్తే, చిలమత్తూరు దగ్గర మూసేసిన కోళ్ల షెడ్డు మీది సోలార్ పలకలు అమ్ముతున్నారని చెప్పాడు. మా ఆయనతో అన్నాను. ఆయన సంగటి ముద్దలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి పెట్టుకుంటూ, తల ఎత్తకుండానే, "చేసుకోపో. అయితే అయితాది. నేను పోయేది మాత్రం ఆగదు" అన్నాడు. మామ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన పార భుజాన వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. "ట్యాంకు యాడ పెట్టల్లనో చూపిచ్చు. దిన్నె ఎక్కిచ్చేదానికి మట్టి తోలల్ల గదా" అన్నాడు.

చలికాలమంతా ఆ పనే. మా తమ్ముడు వచ్చి చిన్న మోటారు బోరులోకి దించాడు. నేను వైర్లు కలిపాను. బోరులో నీళ్లు అడుగుకు పోతే మోటారు దానంతటదే ఆగి, ఊరాక మళ్లీ మొదలయ్యేలా ఒక సెన్సార్ పెట్టాం. మట్టి దిన్నె మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, దాని నుంచి కిందికి పైపు, పైపు చివర సిమెంటు తొట్టి. తొట్టిలో నీళ్లు తగ్గితే తెరుచుకుని, నిండితే మూసుకునే బాల్‌కాక్ బిగించాం. ఇళ్ల మీది ట్యాంకుల్లో ఉంటుందే, చేతి కడ్డీకి ప్లాస్టిక్ బంతి తగిలించినది, అదే.

తొట్టి విషయంలో మామకూ నాకూ పెద్ద వాదనే జరిగింది. నేను వెడల్పుగా, లోతుగా కట్టిద్దామన్నాను.

"వెడల్పు పెడితే గొర్రెలు దాంట్లో దిగి పెంటికలు వేస్తాయి. ఎండకు సగం నీళ్లు ఆవిరైపోతాయి" అన్నాడు మామ. "సన్నంగ, పొడుగ్గ ఉండల్ల. రెండు పక్కలా నిలబడి తాగల్ల. ఎత్తు ఇంత." తన మోకాలి కింద చెయ్యి పెట్టి చూపించాడు. ఆయన అన్నట్టే కట్టాం.

మొదటిసారి ట్యాంకు నిండి, తొట్టిలోకి నీళ్లు దిగిన రోజు సంతోషంతో నాకు అన్నం సంగతే గుర్తుకు రాలేదు. ఆ సంతోషం సాయంత్రానికల్లా పోయింది. మా ఆయన మందను తోలుకొచ్చాడు. గొర్రెలు తొట్టి దాకా వచ్చి, మూతులు చాచి వాసన చూసి, వెనక్కి తిరిగాయి. ఒక్కటీ తాగలేదు. వాటిని మెడలు పట్టి వంచినా పళ్లు బిగించుకున్నాయి. మర్నాడూ అంతే. అప్పటికి చెరువులో ఇంకా కాస్త నీళ్లున్నాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. నాకే తల కొట్టేసినట్టయింది. "నీ బోరుకు ఉప్పు ఉండాదేమో" అన్నాడు మా ఆయన. దోసిలితో తాగి చూశాను. తియ్యగా ఉన్నాయి.

మామ తొట్టి పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు గొర్రెల్ని చూశాడు. "సిమెంటు వాసన వాటికి పడలేదు" అన్నాడు చివరికి. "ఇంకోటి ఉండాది. విను. ఆ మూల ఏందో బుస్సుమంటాంది. పాము అనుకుంటాండాయి."

అది బాల్‌కాక్ చప్పుడు. నీళ్లు పైనుంచి పడేటప్పుడు చేసే చప్పుడు. నాకు అది చప్పుడులాగే అనిపించలేదు, చిన్నప్పటి నుంచి విన్నదే కాబట్టి. పైపుకు ఒక ముక్క అతికించి దాని మూతి నీళ్ల అడుగుకు వెళ్లేలా చేశాను. చప్పుడు పోయింది. మామ తొట్టిలో నీళ్లు నింపడం, పెండ కలిపి నానబెట్టడం, పారబోసి కడగడం, అలా కొన్నాళ్లు చేశాడు. ఆఖరికి చెరువు నుంచి రెండు బిందెల మట్టినీళ్లు తెచ్చి తొట్టిలో కలిపాడు. ఆ సాయంత్రం మందలోని మేక ఒకటి ముందు కాళ్లు తొట్టి గట్టు మీద పెట్టి గటగటా తాగింది. దాన్ని చూసి ఒక ముసలి గొర్రె. తర్వాత ఒకదాన్నొకటి తోసుకుంటూ అన్నీ. తాగుతున్న మంద వెనక నిలబడి మా ఆయన నా వైపు చూసి నవ్వాడు. పెళ్లి ఫోటోలో కూడా ఆయన అలా నవ్వలేదు.

ఆ ఏడాది శివరాత్రి తర్వాత మిగతా మందలు కదిలాయి. మా మంద కదల్లేదు.

ఆయన ఇంట్లో ఉంటే చాలు, ఇంకేం కావాలి అనుకున్నాను ఇన్నేళ్లూ. తీరా ఉన్నాక ఏమైందంటే, ఆయనకు తోచలేదు. పొద్దున మందను కొండ వారకు తోలి, నీళ్లు తాపి, మధ్యాహ్నానికి నీడకు చేర్చాక చేయడానికి పనేమీ ఉండదు. ఎండాకాలాలన్నీ తోటి కాపరులతో నడుస్తూ, ఒకే పొయ్యి మీద వండుకుంటూ, పొలాల్లో మందలు నిలుపుతూ గడిపిన మనిషి. ఇంట్లోకి, బయటికి తిరిగేవాడు. నేను అట్టు పోస్తుంటే పక్కన నిలబడి మంట ఎక్కువైందనేవాడు. ఒకరోజు విసుగెత్తి, "ఏమప్పా, నీకు నచ్చలేదా ఈడ ఉండేది?" అని అడిగేశాను.

ఆయన నేల చూసుకుంటూ, "నచ్చలేదని కాదు మే. ఇంట్లో ఉండేది నాకు చేతకాలేదు, అంతే" అన్నాడు. "వాళ్లు ఈపాటికి కాలువ దాటింటారు."

నాకు కోపం రాలేదు. ఆయన అబద్ధం చెప్పి ఉంటే వచ్చేదేమో. పోవాలనుంటే ఒక్కడివే కొన్నాళ్లు వాళ్లతో ఉండి రమ్మన్నాను. మందను నేను, మామ చూసుకుంటామన్నాను. ఆయన ఆలోచిస్తానన్నాడు. అలా ఆలోచిస్తూ ఉండగానే ఆయనకు కావలసింది నడుచుకుంటూ మా తొట్టి దగ్గరికే వచ్చింది.

ఎండాకాలంలో అందరూ వలస వెళ్లరు. తక్కువ గొర్రెలున్నవాళ్లు, ముసలివాళ్లు, ఇంట్లో మంచాన పడిన మనిషి ఉన్నవాళ్లు ఉండిపోతారు. చెరువు ఎండాక వాళ్లంతా మా తొట్టి వైపు చూశారు. మొదట పక్క పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. మా ఆయన కంటే కాస్త చిన్నవాడు, ఆయన్ని అన్నా అని పిలుస్తాడు. "అన్నా, నాయి ఇరవై గొర్రెలే. రెండు పూటలు వద్దు, ఒక పూట తాపుకుంటా" అన్నాడు. కాదని ఎలా అంటాం? ఆయన వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. మధ్యాహ్నాలు తొట్టి దగ్గరి కానుగ నీడన కాపరులంతా కూర్చోవడం మొదలైంది. సద్ది మూటలు విప్పేవారు. ఏ ఊళ్లో ఏ పొట్టేలు ఎంత ఎత్తుందో, ఏ గొర్రెకు ఏ జబ్బు చేసిందో మాట్లాడుకునేవారు. మా ఆయన గొంతు దూరం నుంచే నాకు వినిపించేది. మళ్లీ ఇంట్లో అట్ల దగ్గరికి రాలేదు.

కానీ బోరు ఊట మాత్రం పెరగలేదు కదా. ఒకరోజు మధ్యాహ్నానికే ట్యాంకు ఖాళీ అయి, చివరగా వచ్చిన మంద ఉత్త తొట్టిని నాకింది. అది చూడలేకపోయాను. తమ్ముడి షాపులో మొబైల్ స్టార్టర్లు ఉంటాయి. రైతు ఇంట్లో ఉండి ఫోన్ చేస్తే పొలంలో మోటారు తిరిగే పెట్టెలు. అలాంటి పాత పెట్టె ఒకటి తెప్పించి, ట్యాంకులో నీటి మట్టం చూసే తీగలు కలిపాను. ట్యాంకు నిండితే ఒక మెసేజ్, సగానికి దిగితే ఒకటి, అడుగంటితే ఒకటి నా ఫోనుకు వస్తాయి. దాన్ని చూసి నేను కాపరులకు ఫోన్ చేసి ఎవరు ఎప్పుడు రావాలో చెప్పేదాన్ని. "మీరు పదింటికి రాండి. మీరు కొంచెం ఎండ తగ్గినాక రాండి, అంతలోకి నిండతాది." వరస పెట్టుకున్నాక ఏ మందకూ నీళ్లు తక్కువ కాలేదు. మామకు ఇది అన్నిటికంటే నచ్చింది. లేవగానే ముఖం కూడా కడుక్కోకుండా, "ఏమ్మా, ట్యాంకు ఏమంటాండాది?" అని అడిగేవాడు, ఇంట్లో మనిషి గురించి అడిగినట్టు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున ట్యాంకు అడుగంటిందని మెసేజ్ ఉంది. ముందు రోజు సాయంత్రం నిండుగా ఉన్న ట్యాంకు. మందను వెంటేసుకునే మా ఆయనా నేనూ పరుగున వెళ్లాం. బాల్‌కాక్ కడ్డీ వంగిపోయి ఉంది. బంతి ఎక్కడో పొదలో పడి ఉంది. ట్యాంకు నీళ్లన్నీ తొట్టి పొంగి నేలపాలయ్యాయి. చుట్టూ బురద. దప్పికగొన్న మా గొర్రెలు ఆ బురదలో పడి తొక్కుతూ మూతులు పెట్టాయి.

మా ఆయన ముఖం ఎర్రబడింది. ముందు రోజు మధ్యాహ్నం ఇరవై గొర్రెలున్న ఆ పక్క పల్లె కాపరి ఇంకొకసారి తాపుకుంటానని అడిగాడు. ట్యాంకు అప్పటికి సగమే ఉందని నేను వద్దన్నాను. అతను ఏదో గొణుక్కుంటూ వెళ్లాడు. మా ఆయన నేను వద్దంటున్నా వినకుండా అతని ఇంటికి వెళ్లి, వాకిట్లో నిలబడి, ఇది నీ పనేనా అని నలుగురూ వినేలా అడిగాడు. అతను ఎదురు తిరగలేదట. "నీ తొట్టి జోలికి నేనెందుకు వస్తా అన్నా? ఇంగ రానులే" అని మాత్రం అన్నాడట. ఆ రోజు నుంచి తన గొర్రెల్ని దూరంగా ఏదో తోట బోరు దగ్గరికి తోలుకుపోయాడు. కానుగ నీడలో మాటలు తగ్గాయి.

కొత్త బాల్‌కాక్ బిగించాను. కొన్ని రోజులకు మళ్లీ అదే మెసేజ్. ఈసారి మామ మందను కదలనివ్వలేదు. "గొర్రెలు తొక్కకముందు నేను చూడల్ల" అని నన్ను మాత్రం వెంట పెట్టుకుని వెళ్లాడు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. తొట్టి పక్కన బురదలో అడుగులున్నాయి. మనిషి పాదం లాంటివే, కానీ వెడల్పుగా, ముందు గోళ్ల గాట్లతో. పక్కనే అవే అడుగులు, చిన్నవి. వంగిన కడ్డీకి నల్లటి బిరుసు వెంట్రుకలు రెండు అతుక్కుని ఉన్నాయి.

"ఎలుగ్గొడ్డు" అన్నాడు మామ. "పిల్ల కూడా ఉండాది. కొండ మీద దొనల్లో నీళ్లు అయిపోయింటాయి." ఆయన వెంట్రుక తీసి వచ్చీరాని వెలుతురుకు పట్టి చూశాడు. "పాపం, ఆ బంతిని ఏమనుకునిందో, కాయ అనుకునిందేమో."

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాం. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పక్క పల్లెకు వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను, రమ్మనలేదు గానీ వద్దనలేదు. మొన్న అరిచిన ఆ వాకిట్లోనే నిలబడి, "తప్పు నాది తమ్ముడూ. ఎలుగ్గొడ్డు చేసిన పనికి నిన్ను అన్నాను. మంద తోలుకోని రా" అన్నాడు.

అతను గొర్రెపిల్లకు పాలు పట్టిస్తూ కూర్చుని ఉన్నాడు. "నా పేరు నీ నోట్లోకి ఎట్ల వచ్చె అన్నా? ఇన్ని దినాలు ఒక్క నీడకు కూచున్నోళ్లం" అన్నాడు. మా ఆయన ఆ వాకిట్లోనే నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి అతని భార్య లోపలి నుంచి మజ్జిగ తెచ్చి మాకు ఇచ్చింది. మర్నాడు అతని మంద వచ్చింది. మునుపటిలా మాట కలవడానికి మాత్రం ఇంకొన్ని రోజులు పట్టింది.

ఎలుగుబంటిని ఏం చేయాలనేది కానుగ కింద పెద్ద చర్చ. టపాకాయలు పేలుద్దామన్నారొకరు. ముళ్ల కంచె వేద్దామన్నారొకరు. పక్క పల్లె కాపరి, "దానికి నీళ్లు కావల్ల, మన బంతి కాదు గదా. దానికి వేరేగా పెడితే ఈడికి ఏంటికి వస్తాది?" అన్నాడు. అందరం ఒప్పుకున్నాం. తొట్టికి పైన, కొండ మొదట్లో, మనుషులు తిరగని చోట అతనూ మా ఆయనా కలిసి పళ్లెం లాంటి గుంత తవ్వి సిమెంటు పూశారు. ట్యాంకు నుంచి దానికి ఒక పైపు, వాల్వు పెట్టాను. సాయంత్రం మందలు ఇళ్లకు వెళ్లాక తిప్పి, గుంత నిండగానే కట్టేస్తాం. తొట్టిలో బాల్‌కాక్ ఉన్న మూలను బండతో కప్పేశాం.

గుంతకు నీళ్లు పెట్టాక ఒక సాయంత్రం మామ, మా ఆయన, పక్క పల్లె కాపరి, నేను ట్యాంకు దిన్నె వెనక దాక్కున్నాం. ఇంకా వెలుతురు ఉండగానే అది బండల మధ్య నుంచి దిగింది. వీపు మీద పిల్ల. నేను ఎలుగుబంటిని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అది గుంత అంచున ఆగి, మూతి పైకెత్తి గాలి వాసన చూసింది. పిల్ల జారి కిందికి దిగి, నేరుగా గుంతలోకి వెళ్లి నీళ్లలో కూర్చుంది. తల్లి చప్పుడు చేస్తూ తాగింది, తాగి పిల్లను ఒక్క తోపు తోసింది, పిల్ల మళ్లీ వెళ్లి నీళ్లలోనే కూర్చుంది. మామ భుజాలు అదురుతున్నాయి. భయంతో అనుకుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. నవ్వుతున్నాడు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు.

ఆ తర్వాత తొట్టి జోలికి అది రాలేదు. మా మంద కాలువల వైపు వెళ్లడం కూడా అప్పటితోనే ఆగింది. పోయిన ఏడాది వలస నుంచి తిరిగొచ్చిన కాపరులు ఇద్దరు మా ఇంటికి వచ్చి, తమ పొలాల్లో చచ్చినట్లు వదిలేసిన బోర్లు చూడమని నన్ను పిలుచుకుపోయారు. ఒకదాంట్లో నిజంగానే నీళ్లు లేవు. ఇంకోదాంట్లో ఉన్నాయి. తమ్ముడికి చిన్న మోటారు పంపమని చెప్పాను.

ఇప్పుడు మా ఆయన గొర్రెపిల్లల కోసం ఇంకా పొట్టి తొట్టి ఒకటి కడుతున్నాడు. దాన్ని చెట్టు నీడలోనే కట్టాలని ఆయన అంటాడు. ఆకులు రాలి నీళ్లు పాడవుతాయని నేనంటాను. రెండు రోజులుగా ఇదే వాదన. సిమెంటు కలిపి పెట్టుకుని, తాపీ చేతిలో పట్టుకుని పొద్దున్నే పిలిచాడు, "మే, వచ్చి చెప్పు యాడ కట్టల్లనో, గట్టిపడిపోతాండాది" అని. పోయి చూపించాను.